నీళ్ల మధ్య మరిగిన ఇంజన్లు

కృష్ణా డెల్టాలో ఏటా ఎండలు ముదిరే వేళకు కాలువలు కట్టేస్తారు. ఇంజను ఎక్కువ నీళ్లు అడిగే రోజులూ అవే. బందరు రోడ్డు పక్కన మిగతా కాలమంతా నిండుగా కనిపించే కాలువ అప్పటికి అడుగంటి ఉంటుంది. డబ్బా పట్టుకున్న క్లీనరు ఊరి చెరువు వెతుక్కుంటూ పోవాల్సిందే. దిగువకు పోయేకొద్దీ చిక్కు ఇంకా పెరుగుతుంది. అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరు వైపు వెళ్తే చాలాచోట్ల బోరు వేసినా ఉప్పునీళ్లే పడతాయి. పులిగడ్డ అక్విడక్టు మీదుగా వచ్చే కృష్ణ నీటితో చెరువులు నింపుకుని ఏడాది పొడవునా తాగే సీమ అది. మనిషి తాగలేని ఆ బోరు నీళ్లు ఇంజనుకూ పనికిరావు. బందరు, గుడివాడ, దివిసీమల్లో బండ్లు ఎందుకు వేడెక్కాయో చెప్పాలంటే ముందు నీళ్ల సంగతే ఎత్తుకోవాలి.

ఈ తంటా మొదట పడింది రైలు. 1908లో బెజవాడ నుంచి బందరుకు రైలుమార్గం వచ్చింది. 1928లో భీమవరం దారి కలవడంతో గుడివాడ జంక్షనైంది. ఆవిరి ఇంజనుకు బొగ్గుతో పాటు మంచి నీళ్లూ కావాలి. ఉప్పులు ఎక్కువున్న నీళ్లు బాయిలర్లో నురగ కడతాయి. ఆ నురగ ఆవిరితో పాటు సిలిండర్లోకి దూరితే పిస్టనుకు ముప్పు. సున్నం ఎక్కువైతే గొట్టాలకు లోపల పెంకు కడుతుంది. ఆ పెంకు వేడిని నీళ్లలోకి దిగనివ్వదు, అవతల ఇనుము కాలిపోతుంది. తర్వాత కాలంలో కారు రేడియేటర్ల పీకమీదికొచ్చిందీ ఈ పెంకే.

గుడివాడ చుట్టుపక్కల రైసుమిల్లుల్లో ఆయిల్ ఇంజన్లకు ఇంత బాధ లేదు. మిల్లు ఇంజను ఉన్నచోటనే ఉంటుంది కనుక పక్కన పెద్ద తొట్టి ఉంటే సరిపోతుంది. వేడినీళ్లు పైకెక్కి, తొట్టిలో చల్లారి, కింది గొట్టంలోంచి మళ్లీ ఇంజనులోకి వస్తాయి. పొలాల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజన్ల పద్ధతి ఇంకా సులువు. పంపు తోడే నీళ్లలోనే కొంత సన్న గొట్టంలోంచి ఇంజను చుట్టూ తిరిగి బయటికి పోతుంది. రైతు ఆ ధార కింద అరచెయ్యి పెట్టి చూసేవాడు. గోరువెచ్చగా తగిలితే దిగుల్లేదు. చెయ్యి కాలితే గొట్టంలో నాచో బురదో చేరినట్టు. ధార ఆగిపోతే ఇంజను వెంటనే ఆపెయ్యాలి. ఉష్ణోగ్రత చూపే ముల్లు ఒక్కటీ లేని యంత్రానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఏముంటుంది?

కష్టమంతా రోడ్డెక్కాకే వచ్చింది. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర పైగా తయారైన ఫోర్డు మోడల్ టి కారులో, మొదటి రెండున్నర వేల బండ్లు మినహా, వాటర్ పంపే లేదు. మిల్లు తొట్టి సూత్రమే బండికీ పెట్టారు. రేడియేటర్లో నీటిమట్టం పై గొట్టం కంటే దిగిందంటే ఆ తిరుగుడు ఆగిపోతుంది. నీళ్ల డబ్బా లేకుండా దూరప్రయాణం కుదరని కాలం అది.

రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టడంతో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా బొగ్గు బస్సులు వచ్చాయి. బస్సు వెనక నిలువు సిలిండరు, అందులో మండే బొగ్గు, దాన్ని రాజేయడానికి క్లీనరు చేత్తో తిప్పే బ్లోయరు. బొగ్గు నుంచి వచ్చే గ్యాసును వడగట్టి, చల్లార్చి ఇంజనుకు పంపేవాళ్లు. వేడి గ్యాసు పలచగా ఉంటుంది కాబట్టి అది చల్లారకపోతే ఇంజనుకు ఉన్న కాస్త సత్తువా పోతుంది. అంటే ఆ బస్సుకు ముందు నీళ్లూ చల్లారాలి, వెనక గ్యాసూ చల్లారాలి. పెట్రోలు బస్సంత జోరు దానికెలాగూ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా జిల్లాలో ప్రైవేటు బస్సులదే రాజ్యం. 1958 జనవరిలో ఆర్టీసీ ఏర్పడి కృష్ణా జిల్లా రూట్లు చేతిలోకి తీసుకోబోతే ఇక్కడి బస్సు యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా లా విద్యార్థులు నేటికీ చదివేది దాన్నే. అభ్యంతరాలు ఒకరు విని, నిర్ణయం మరొకరు తీసుకుంటే ఆ విచారణకు అర్థం లేదని కోర్టు ఆ ఏడాదే తేల్చింది. బస్సుల జాతీయీకరణ మాత్రం తర్వాత జరగనే జరిగింది. బెజవాడ ఆటోనగర్ 1960లలో మొదలైంది. పెద్ద రిపేరు పడితే గుడివాడ లారీ అయినా బందరు టాక్సీ అయినా అక్కడికి చేరాల్సిందే.

ఆ టాక్సీ చాలాకాలం అంబాసిడరే. 1950ల చివర ఉత్తరపారాలో మొదలై 2014లో ఆగిన ఆ కారుకు ఇంజను ముందే ఫ్యాను, ఆ ఫ్యాను వాటర్ పంపు ఇరుసు మీదే. రెండింటినీ తిప్పేది ఒకే బెల్టు. బెల్టు వదులైతే గాలీ నీళ్లూ ఒకేసారి తగ్గిపోతాయి. బండి స్టార్టు చేయగానే కీచుమంటే బెల్టు జారుతున్నట్టు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, అంతకు మించితే బిగించాలి. గరగరమని శబ్దం వస్తే అనుమానం పంపు బేరింగు మీదికి పోతుంది. ఇంజను ఆపి, ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించి చూస్తే లొటలొట తెలిసిపోతుంది. చాలాసార్లు అప్పటికే పంపు కింద నీటిచుక్క కారిన తుప్పు చార కనిపిస్తుంది.

ఎప్పుడు వేడెక్కుతోందన్నది మేస్త్రీ అడిగే మొదటి ప్రశ్న. ఉయ్యూరు సెంటర్లో ఆగినప్పుడు ముల్లు పైకెక్కి, రోడ్డున పడగానే దిగితే లోపం గాలిలో ఉంది, అంటే ఫ్యాను వైపు చూడాలి. ఆగినప్పుడు బాగానే ఉండి పరుగులో వేడెక్కితే రేడియేటరు పూడిందని మొదటి అనుమానం. పై గొట్టం కాలుతూ కింది గొట్టం చల్లగా ఉంటే నీళ్లు దాటడం లేదు, థర్మోస్టాట్ మూసుకుని ఉండవచ్చు. చల్లటి ఇంజను మీద మూత తీసి స్టార్టు చేస్తే ఆగకుండా బుడగలు వస్తున్నాయా, హెడ్ గాస్కెట్ పోయినట్టే లెక్క. ఆయిలు పుల్ల తీసినప్పుడు టీ రంగు నురగ కనిపిస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. మన మేస్త్రీల్లో చాలామంది థర్మోస్టాట్‌నే పీకి పారేసేవారు. ఎండదేశంలో దానితో పనేమిటని వాళ్ల వాదన. ఇంజను తగిన వేడికి చేరకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. ఆ వాదన తప్పే, కానీ మూసుకుపోయి హెడ్డు పగలగొట్టే పాత థర్మోస్టాట్లను చూసినవాళ్లు అలా అనుకోవడంలో వింత లేదు.

ఇంజనుకు అన్నిటికంటే కష్టం ఊరేగింపు. వేగం ఉండదు కనుక ఎదురుగాలి ఉండదు, బరువు మాత్రం తగ్గదు. 1982లో నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్పించి రాష్ట్రమంతా తిరిగి, 1983 ఎన్నికల్లో గుడివాడలోనూ గెలిచారు. ఆ ప్రచారం కబుర్లలో ప్రసంగాలకు దక్కిన చోటు బండి ఇంజనుకు దక్కలేదు. జనం మధ్య నత్తనడకన గంటల తరబడి నడిచే బండికి ఫ్యాను తోలే గాలే దిక్కు.

అదే 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాంట్లో ఇంజను అడ్డంగా ఉంటుంది, దాని ఇరుసు రేడియేటరుకు ఎదురుగా రాదు. అందుకే ఫ్యానుకు కరెంటు మోటారు పెట్టారు. నీళ్లు కాగినప్పుడే అది తిరుగుతుంది, చల్లారితే ఆగుతుంది. అంబాసిడర్లో ఫ్యాను మోత ఇంజను మోతలో కలిసిపోయేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు బండి ఆపి తాళం తీశాక కూడా కొన్ని కార్లలో ఫ్యాను బుర్రుమంటుంది. కొత్తగా కారు కొన్నవాళ్లు దాన్నే జబ్బనుకుని షెడ్డుకు పరిగెత్తారు. నిజానికి భయపడాల్సింది మండుటెండలో ఎంతసేపు ఆగినా ఫ్యాను తిరగకపోతే. ఏసీ వేయగానే తిరగడం మామూలే. చల్లటి ఇంజను మీద కూడా ఆగకుండా తిరుగుతుంటే సెన్సరో దాని తీగో తెగి ఉండవచ్చు. వేడి ఎంతో తెలియనప్పుడు కారులోని కంప్యూటరు ముందుజాగ్రత్తగా ఫ్యానును వదిలిపెట్టదు. రెక్క విరిగితే బండి వణుకుతుంది, మోటారు బుష్షు అరిగితే రెక్కలు చుట్టూ ఉన్న ప్లాస్టిక్కుకు తగిలి టకటకమంటాయి.

కొత్త కార్లతో దెబ్బ పడింది రేడియేటరు పని చేసేవాళ్ల మీద. రాగి, ఇత్తడి రేడియేటరు కారితే నీళ్లతొట్టిలో ముంచి గాలి కొట్టి, బుడగ వచ్చిన చోట టంకం పెట్టేవాళ్లు. పూడితే పై ట్యాంకు విప్పి, సన్న కడ్డీలు ఒక్కో గొట్టంలోకి దూర్చి పెంకు రాల్చేవాళ్లు. రోజంతా పట్టే పని. తర్వాత అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాయి. వాటికి ఆ టంకం అతకదు, కొత్తది బిగించాల్సిందే. పైగా బందరు తీరపు ఉప్పుగాలికి అల్యూమినియం రేకులు తెల్లగా పొడిబారతాయి. బయటికి బాగానే ఉన్నట్టుండే రేడియేటరు మీద వేలితో గీస్తే రేకులు పిండిలా రాలతాయి. రేకులు లేని గొట్టాల మధ్య ఫ్యాను ఎంత తిరిగినా లాభం లేదు. ఆ ఊళ్లో కూలెంటు పోసినవాడికి లోపలి తుప్పు మాత్రమే తప్పుతుంది.

పొలాల్లో శత్రువు ఉప్పు కాదు, పొట్టు. వరికోత మిషను తను విసిరిన పొట్టునే తనే లోపలికి పీల్చుకుంటుంది. అందుకే చాలావాటికి రేడియేటరు ముందు తిరిగే జల్లెడ ఉంటుంది.

ఇప్పుడు ఇంజను వేడెక్కకుండా చూసే విద్యకు గిరాకీ రొయ్యల చెరువుల గట్ల మీద ఉంది. చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గేది తెల్లవారుజామున. కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లను తిప్పేది డీజిల్ జనరేటరే. అది వేడెక్కి ఆగిందంటే కొద్ది గంటల్లో రొయ్య తేలుతుంది, పంట మొత్తం పోతుంది. గట్టు మీద చేతికందేవి చెరువు ఉప్పునీళ్లే. వాటినే రేడియేటర్లో పోసి రాత్రి గట్టెక్కించినా, ఆ ఉప్పు లోపలే ఉండి గొట్టాలను తినేస్తుంది. అందుకే జాగ్రత్తపరులు జనరేటరు షెడ్డులో డీజిలు క్యాన్ల పక్కనే మంచినీళ్ల క్యాను ఒకటి, విడి బెల్టు ఒకటి ఉంచుతారు.