తార్నాక నుండి తరంగములపై

ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్స్ కళాశాల రాతిమెట్లపై కూర్చుండి సముద్రాంతర ప్రయాణములను గూర్చి కలలుగన్న విద్యార్థులకు బహుకాలము పలుచని ఏరోగ్రాము కాగితమే వార్తావాహకము. మడతలలో ఇమిడినంతయే కబురు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్టును జనసామాన్యమునకు అందించిన కొన్నియేండ్లకు ప్రక్కనున్న తార్నాకలో నెట్ కేఫులు వెలసెను. సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెముపై 10 మెగాబైట్ల ఫైలు పంపుటకు, లైను తెగకున్నను, ముప్పాతిక గంటకు పైగా పట్టెడిది. తొంబదవ శాతమున తెగెనా, కథ మరల మొదటికే! తెరమీది గీత చీమవలె ప్రాకుచుండగా ఊపిరి బిగపట్టినవారిలో నేనొకడను.

1997లో వెలువడిన 802.11 అను వైఫై ప్రమాణము తీగల బంధమును సడలించెను. విదేశములకేగిన మన బిడ్డలు విమానాశ్రయముల వైఫైపై వీడియోలను ఇంటికి పంపసాగిరి. ఫైలును తునకలుగా విభజించి, ఆగినచోటి నుండియే కొనసాగించు యుక్తి, నా దృష్టిలో, వేగముకంటె గొప్ప ఉపకారము. పరిశోధకులకైతే ఐరోపాలో పుట్టిన ఎడ్యురోమ్ అను వైఫై వ్యవస్థ కలదు. స్వకీయ విద్యాసంస్థ ఇచ్చిన గుర్తింపుతోనే పరదేశపు విద్యాలయపు వైఫైలో ప్రవేశము లభించును. తక్కిన బహిరంగ వైఫై సత్రపు అరుగువంటిది, ఎవడైనను ప్రక్కన కూర్చుండవచ్చును. కావున ప్రయాణికులారా, ఫైలును సంకేతపదముతో బంధించి మరీ పంపుడు.