కాటన్ దొర ఇంటిపేరుకీ పత్తికీ సంబంధం ఉందా?



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు గౌహతి కాటన్ కాలేజీ ఫొటో పెట్టి, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొర పేరే ఇది అని రాశాడు. కింద అందరూ దండాలు పెట్టారు. ఇంకొక అన్నగారు, వాళ్ల వంశంవాళ్లు పత్తి వ్యాపారం చేసేవాళ్లు కాబట్టే కాటన్ అన్నారని చేర్చారు. రెండు మాటలూ సరికావు. ఎందుకు సరికావో నాలుగు వాక్యాల్లో చెప్పడం కుదరదు, కొంచెం ఓపికగా చదవండి. మనం వేయాలనుకుంటున్న వంశావళి పుస్తకానికి కూడా పనికొచ్చే సంగతి ఇందులో ఉంది. నాది తమిళ మీడియం చదువు, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి. భాష ఎక్కడైనా తట్టుకుంటే సర్దుకోండి.

ముందు పత్తి సంగతి. గుడ్డకు వాడే కాటన్ అనే మాట అరబ్బీ 'కుత్న్' నుంచి వచ్చింది. యూరప్‌లోకి దూది ఎక్కడి నుంచి వచ్చిందో మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. ఇంటిపేరు కాటన్ అలా కాదు, అది అచ్చమైన పాత ఇంగ్లీషు. ఆ భాషలో 'కాట్' అంటే గుడిసె. ఈనాటి కాటేజ్ అనే మాట దాని చుట్టమే. (పడుకునే కాట్ వేరండీ. అది మన దేశపు ఖాట్, ఓడెక్కి వాళ్ల దగ్గరికి పోయింది.) 'కాటమ్' అంటే గుడిసెల దగ్గర అని అర్థం. ఎక్కడ నాలుగు గుడిసెలు లేస్తే అక్కడ ఆ పేరు పడింది. కేంబ్రిడ్జి పక్కన కోటన్ అనే ఊరుంది. సఫోక్‌లో ఒక కాటన్, స్టాఫర్డ్‌షైర్‌లో ఒక కాటన్, నాటింగమ్‌షైర్‌లో కాటమ్, ష్రాప్‌షైర్‌లో ఇంకొకటి. మనకు కొత్తపల్లి ఎన్ని జిల్లాల్లో ఉందో లెక్క చెప్పగలరా? అదే కథ.

ఇంగ్లండులో వంశపారంపర్యంగా ఇంటిపేర్లు మొదటి నుంచీ లేవు. 1066లో నార్మన్లు వచ్చి ఆ దేశాన్ని పట్టుకున్నాక, భూమి తండ్రి నుంచి కొడుక్కి పోయే చోట ముందు పెద్ద కుటుంబాలకు, తరవాత రెండు మూడు వందల ఏళ్లలో మామూలు జనానికీ అవి స్థిరపడ్డాయి. కొన్ని తండ్రి పేరు మీద వచ్చినవి, జాన్సన్ లాంటివి. కొన్ని వృత్తి మీద, స్మిత్ అంటే కమ్మరి. కొన్ని ఒంటి రంగో జుట్టు రంగో చూసి పెట్టినవి, మన సి.పి.బ్రౌన్ గారి ఇంటిపేరు ఆ రకం. కాటన్ ఊరి మీద వచ్చింది.

ఊరి మీద వచ్చే ఇంటిపేరులో ఒక తమాషా ఉంది. కాటన్‌లోనే కాపురం ఉన్నవాణ్ణి కాటన్ వాడు అని పిలిస్తే ఏం లాభం? అక్కడ అందరూ కాటన్ వాళ్లే. ఆ ఊరికి దొర అయినా అయ్యుండాలి, లేదా ఆ ఊరు వదిలి వేరే చోట స్థిరపడైనా ఉండాలి. అప్పుడే ఆ పేరు అంటుకుంటుంది. నాయక రాజుల కాలంలో మదురై, తంజావూరు వైపు దిగివచ్చిన మన వాళ్ల సంగతి తలుచుకోండి. కృష్ణ ఒడ్డునో, నెల్లూరు సీమలోనో ఉన్న ఒక ఊరి పేరు ఇక్కడ మూడు నాలుగు వందల ఏళ్లుగా మన ఇళ్లలో నిలిచింది. ఆ ఊరు చూసినవాళ్లు ఇంట్లో ఒక్కరూ లేరు.

ఇప్పుడు మన దొర వంశం. ష్రాప్‌షైర్‌లోని కాటన్ ఊరికి చెందిన జాన్ కాటన్ అనే ఆయనకు జార్జ్, రిచర్డ్ అని కొడుకులు. ఇద్దరూ 8వ హెన్రీ కొలువులో చేరారు. ఆ రాజు క్రైస్తవ మఠాలన్నీ మూయించి భూములు తన వాళ్లకు పంచిపెట్టిన సంగతి తెలిసిందే. చెషైర్ జిల్లాలో కాంబర్‌మియర్ అనే 400 ఏళ్ల నాటి మఠం 1538లో మూతపడింది, మరుసటి ఏడు అది జార్జ్ కాటన్ చేతికి వచ్చింది. అప్పటి నుంచి వాళ్లు కాంబర్‌మియర్ కాటన్లు. 1677లో ఆ ఇంటి రాబర్ట్ కాటన్‌కు బారనెట్ బిరుదు దక్కింది. బారనెట్ అంటే తండ్రి తరవాత కొడుకు కూడా 'సర్' అని పెట్టుకోవచ్చు. మన దొరకు 1861లో వచ్చిన 'సర్' ఆ రకం కాదు, అది ఆయన సొంత కష్టం.

ఈ వంశంలో పేర్లు చదివితే ఒక విషయం కనిపిస్తుంది. రాబర్ట్ కాటన్ పెళ్లాడిన ఆవిడ హెస్టర్ సాల్స్‌బరీ, వేల్స్‌లో పెద్ద ఆస్తికి వారసురాలు. వాళ్ల కొడుకు థామస్ పెళ్లాడింది జమైకా గవర్నరు థామస్ లించ్ కూతురు ఫిలడెల్ఫియాను. థామస్ కొడుకుల్లో ఒకాయన పేరు లించ్ సాల్స్‌బరీ కాటన్. అంటే తల్లి ఇంటిపేరు, నాయనమ్మ ఇంటిపేరు, తండ్రి ఇంటిపేరు, మూడూ ఒక్క మనిషి పేరులో ఉన్నాయి. ఆస్తి వచ్చిన దారి మరిచిపోకూడదని అలా పెట్టుకునేవాళ్లు. కారణం ఆస్తే కావచ్చు, కానీ కోడళ్ల పుట్టింటి పేరు అలా బతికింది.

ఆ లించ్ కాటన్ కొడుకుల్లో ఒకరు రాబర్ట్, ఒకరు హెన్రీ కాల్వెలీ. రాబర్ట్ కొడుకు స్టేపుల్టన్ కాటన్ మన దేశంలో సర్వసేనాధిపతిగా ఉండి 1826లో భరత్‌పూర్ కోట పట్టుకున్నాడు. హెన్రీ కాల్వెలీకి పదో కొడుకు మన ఆర్థర్ కాటన్, 1803లో పుట్టారు. పదో కొడుక్కి ఆస్తి ఏం మిగులుతుంది? పదిహేనేళ్లకే కంపెనీ వారి సైనిక విద్యాలయంలో చేరి, 1821లో మద్రాసుకు వచ్చారు.

ఇక్కడ తిరుచ్చి వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆయన పేరు గోదావరి కంటే ముందు కావేరి దగ్గర నిలబడింది. 1836లో మొదలుపెట్టి కొల్లిడం మీద ముక్కొంబు దగ్గర పై ఆనకట్ట, అణైక్కరై దగ్గర దిగువ ఆనకట్ట కట్టించారు. ఆ పాఠంతోనే ధవళేశ్వరం, 1847 నుంచి 1852 వరకు. యానాం బంధువులు ఈరోజు చూస్తున్న పచ్చదనం ఆ పని వల్లే. రైళ్ల కంటే కాలువలు మేలని ఆయన జీవితాంతం వాదించారు. రైలు జీతం తిన్నవాణ్ణి, ఆ వాదన నాకు గిట్టదు. అయితే మన దేశంలో మొట్టమొదటి పట్టాల దారి, మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ నుంచి రోడ్డు రాళ్లు మోయడానికి 1837 నాటికి వేసినది, అదీ ఆయన చేతి పనే. అందుకని క్షమించేశాను.

మరి గౌహతి కాలేజీ ఎవరిది? అది సర్ హెన్రీ జాన్ స్టెడ్‌మన్ కాటన్ గారి పేరు. అస్సాం చీఫ్ కమిషనరుగా ఉండగా 1901లో ఆ కాలేజీ పెట్టించారు. పదవి దిగాక 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షులయ్యారు. తెల్లవాడై ఉండి మన తరఫున మాట్లాడిన మనిషి. ఆయన పుట్టింది ఎక్కడో తెలుసా? మన కుంభకోణంలో, 1845లో. తండ్రి మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. ముత్తాత జోసెఫ్ కాటన్ ఓడ కెప్టెన్‌గా పనిచేసి కంపెనీ డైరెక్టరైన వాడు. జోసెఫ్ తండ్రి నథానియల్ సెయింట్ ఆల్బన్స్ ఊళ్లో మతిచలించిన వాళ్లకు వైద్యం చేసే డాక్టరు, కవిత్వం కూడా రాసేవాడు. ఆయన తండ్రి శామ్యూల్ లండన్‌లో వ్యాపారి. ఈ వరసలో కాంబర్‌మియర్ ఎక్కడా తగలదు. ఒకే ఇంటిపేరు, ఒకే తంజావూరు జిల్లా, కానీ రెండు వేరు వేరు చెట్లు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం పుస్తకాలకు పునాది వేసిన రాబర్ట్ బ్రూస్ కాటన్ హంటింగ్‌డన్‌షైర్ మనిషి. స్కాట్లండు రాజు బ్రూస్ వంశం తనదని చెప్పి ఆ పేరు తానే నడుమ చేర్చుకున్నాడు. గొప్ప పూర్వీకుణ్ణి వెతుక్కునే జబ్బు మనకొక్కరికే లేదు! అమెరికాకు 1633లో వెళ్లిన పాస్టరు జాన్ కాటన్ డర్బీ మనిషి. ఆయన కూతురి కొడుక్కి కాటన్ మాథర్ అని పేరు పెట్టారు, అంటే తల్లి ఇంటిపేరే పిల్లవాడి సొంత పేరైంది.

ఇన్ని తరాలు వాళ్లు ఇంత తేలిగ్గా ఎలా చెప్పగలుగుతున్నారు? రిజిస్టర్ల వల్ల. మఠాలు మూయించిన ఆ 1538లోనే, మూయించడంలో ముందున్న మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇంకో ఉత్తరువు ఇచ్చాడు. ప్రతి చర్చిలో జ్ఞానస్నానం, పెళ్లి, ఖననం, మూడూ పుస్తకంలో రాయాలని. 1837 జూలై 1 నుంచి ప్రభుత్వమే జనన మరణాలు రాయడం మొదలుపెట్టింది. మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చిలో 1680 నుంచి రాతలున్నాయి, మన దేశంలోని చర్చి రాతల నకళ్లు లండన్‌కు పోయేవి. సమాధి రాళ్లు కూడా వదల్లేదు. మద్రాసు రాజధాని సమాధుల మీద రాతలన్నీ చేర్చి 1905లో ఒక పెద్ద పుస్తకం వచ్చింది, కూర్చిన అధికారి పేరు జూలియన్ జేమ్స్ కాటన్!

మన సంగతి చూద్దాం. పాస్ సెక్షన్‌లో కూర్చున్న ఏళ్లలో మన తెలుగు కుటుంబాల డిక్లరేషన్లు ఎన్నో చూశాను. తాతకు ఇనిషియల్‌గా ఇంటిపేరు ఉంటుంది. తండ్రికి ఇంటిపేరు, తండ్రిపేరు రెండూ ఉంటాయి. మనవడి నాటికి తమిళనాడు పద్ధతిలో తండ్రిపేరు ఒక్క అక్షరమే మిగులుతుంది. పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్ గడి వచ్చేసరికి తండ్రి పేరు రాసేస్తారు. ఇక మీదట ఆ కుటుంబానికి ఆ తండ్రి పేరే ఇంటిపేరు. ఇదంతా ఒక్క తరంలో జరిగిపోతోంది.

అందుకని వంశావళి ఫారం విషయంలో నా మాట ఇది. ఇంటిపేరు ఒక్కటైతే చాలు, అన్నదమ్ములే అని ఒకే కొమ్మలో కలపవద్దు. కొత్తపల్లి వారు అని రాసిన రెండు ఇళ్లు రెండు కొత్తపల్లుల నుంచి వచ్చి ఉండవచ్చు. ఇంటిపేరు పక్కన గోత్రం, తెలిసినంత మేరకు పాత ఊరు, ఇంటిదేవత, మొదట దిగిన ఊరు రాయండి. ఏ మాటకు ఏ కాగితం ఆధారమో, లేక ఎవరి నోట విన్నదో, అదీ రాయండి. పాత పెళ్లి శుభలేఖ, భూమి దస్తావేజు, బడి టీసీ, గుడి చందా పుస్తకం, ఏదైనా పనికొస్తుంది.

ఇంకొకటి. ముసాయిదా ఫారంలో ఆడవాళ్లకు పేరు ఒక్కటే అడిగారు. ప్రతి కోడలి పక్కన పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, వాళ్ల అమ్మగారి పుట్టింటి పేరు, ఈ మూడు గడులు చేర్చాలని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఈ వివరాలు నోటికి తెలిసిన పెద్దమ్మలు, అత్తయ్యలు మన ఇళ్లలో ఎనభై దాటినవాళ్లు. ఫారం అచ్చయ్యేదాకా ఆగకుండా ఈ ఆదివారమే వాళ్ల పక్కన నోటుబుక్కు పెట్టుకుని కూర్చోండి. రాసుకున్నది ఫొటో తీసి నాకు పంపితే, వరస కట్టి కాపీ చేసే పని నేను చూసుకుంటాను. రిటైరైనవాణ్ణి, నాకు టైముంది.