విజయపురి గుట్టల మీద విడిది గదులు

హాలియా మీదుగా నాగార్జునసాగర్ వెళ్లే కుటుంబాలు దారిలోనే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. రాత్రికి బస ఎక్కడ? గుట్ట మీది హిల్ కాలనీలోనా, జలాశయం పక్కనున్న పర్యాటక శాఖ వారి విజయ్ విహార్‌లోనా, లేక పొద్దుగూకేలోగా తిరుగు బస్సెక్కడమా? ఇదే కృష్ణ లోయలో సుమారు 1,700 ఏళ్ల కిందట కూడా బస గురించి ఆలోచించినవాళ్లున్నారు. వాళ్లలో ఎక్కువగా వినిపించే పేర్లు ఆడవాళ్లవి.

అప్పట్లో ఇక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. మూడు వైపులా నల్లమల గుట్టలు, నాలుగో వైపు కృష్ణ. ఆ లోయలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు వెలిశాయి. వానాకాలం మూడు నెలలూ భిక్షువు ఊళ్లు తిరగకూడదు, ఒకేచోట ఉండాలి. ఆ చోటు ఎలా ఉండాలో భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో చెప్పారు: ఊరికి మరీ దగ్గర కాకూడదు, మరీ దూరమూ కాకూడదు, వచ్చిపోవడానికి వీలుండాలి, పగలు జనం కిక్కిరియకూడదు, రాత్రి సద్దు ఉండకూడదు. ఈనాటి ప్రయాణికుడు గది వెతుక్కునేటప్పుడు కోరుకునేదీ దాదాపు ఇదే. విజయపురి చుట్టూ ఉన్న చిన్న గుట్టలు ఈ కొలతకు సరిగ్గా సరిపోయాయి. భిక్షకు నగరంలోకి దిగి, మళ్లీ పైకెక్కి ప్రశాంతంగా ఉండొచ్చు.

నహరాళ్లబోడు అనే గుట్ట మీద, చైత్యగృహం నేలపరుపు రాళ్ల మీద, ఒక పొడవైన ప్రాకృత శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరం నాటిది. చెక్కించినామె బోధిసిరి. రాణి కాదు, రాజబంధువూ కాదు. గృహస్థుల ఇంటి ఉపాసిక. చుల్లధమ్మగిరి విహారం దగ్గర చైత్యగృహాన్ని కట్టించి, తామ్రపర్ణి, అంటే సింహళం, నుంచి వచ్చిన ఆచార్యులకు అంకితం చేసింది. అంతటితో ఆగలేదు. కులహ విహారంలో ఒక చైత్యగృహం, మహాధమ్మగిరిలో ఒక గది, హిరుముఠువలో మూడు, పాపిలలో ఏడు. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, పూర్వశైలంలో చెరువు, మండపం. కంటకసేల, నేటి ఘంటసాలలోని మహాచైత్యం దగ్గర రాతి మండపం. ఎవరు ఉంటారో కూడా తెలియని గదులను ఇలా లెక్కపెట్టి కట్టించి, ఆ లెక్కను రాయి మీద రాయించిన మనిషిని తెలుగునాట చరిత్ర పాఠాల్లో ఇంత తక్కువగా తలుచుకోవడం అన్యాయం.

రాజకుటుంబపు స్త్రీలదీ ఇదే దారి. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి విజయపురిలోని మహాచైత్యానికి అండగా నిలిచింది. రాణి భట్టిదేవ బహుశ్రుతీయులనే బౌద్ధ శాఖవారికి, వనవాసి మహాదేవి కొడబలిసిరి మహీశాసకులనే మరో శాఖవారికి విహారాలు కట్టించారు.

కట్టడపు తీరు తేలికైనది. నడుమ రాతి స్తంభాల మండపం, చుట్టూ వరసగా చిన్న గదులు. ఒక్క మనిషి పడుకునేంత చోటు. కొన్నిచోట్ల పక్కనే భోజనశాల, కొట్టు.

ఇక్ష్వాకుల తర్వాత విజయపురి మరుగున పడింది. 1926లో శిథిలాలు మళ్లీ వెలుగులోకి వచ్చాయి. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసే నాటికి, లోయ మునిగేలోగా వీలైనంత తవ్వాలని ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పని మొదలై ఉంది; అది 1960 దాకా సాగింది. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొన్నింటిని లోయలోని నాగార్జునకొండ మీద, కొన్నింటిని ఒడ్డునున్న అనుపులో తిరిగి నిలిపారు. ఆ కొండే ఇప్పటి దీవి.

అదే సమయంలో నల్లగొండ వైపు ఒడ్డున కొత్త బసలు లేచాయి. ఇంజనీర్లకు, సిబ్బందికి హిల్ కాలనీ, పైలాన్ కాలనీ. రాళ్లెత్తిన కూలీలకు గుడిసెలు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత సందర్శకులు పెరిగారు. ఆనకట్ట కోసం వెలసిన కాలనీ విహారయాత్రికుల విడిదిగా మారింది.

దీవిలో రాత్రి ఉండటానికి వీల్లేదు. లాంచీలో వెళ్లి, మ్యూజియం, మహాచైత్యం, సింహళ విహారం చూసి అదే రోజు తిరిగి రావాలి. కానీ అనుపుకు రోడ్డు ఉంది. సాగర్‌లో బస చేసినవాళ్లు మాచర్ల వైపు వెళ్తే, అక్కడ తిరిగి నిలిపిన విహారాల గదుల వరసల మధ్య నడిచి, ఒక్కో భిక్షువుకు ఎంత చోటు ఇచ్చారో అడుగులతో కొలుచుకోవచ్చు.