ఇండెక్స్ ఫండ్లు: విస్తృత సూచీ, రంగాల సూచీ

ఒక షేరు సూచీలో ఏ కంపెనీలు ఏ పాళ్లలో ఉంటాయో, వాటినే అదే పాళ్లలో కొని ఉంచే మ్యూచువల్ ఫండ్‌ను ఇండెక్స్ ఫండ్ అంటారు. ఏ షేరు పెరుగుతుందో పసిగట్టే పని ఇందులో లేదు, అందుకే నిర్వహణ ఖర్చు తక్కువ. సెన్సెక్స్, నిఫ్టీ 50, నిఫ్టీ 500 వంటి సూచీలను అనుసరించేవి విస్తృత ఫండ్లు. బ్యాంకులు, ఐటీ, ఔషధాలు అంటూ ఒక్క రంగానికో, వినియోగం వంటి ఒక్క ఇతివృత్తానికో పరిమితమైనవి ప్రత్యేక ఫండ్లు. ఈ రెండింటిలో ఏది మేలన్నది రాబడి పట్టికలను బట్టి మాత్రమే తేలదు. మదుపరి ఇల్లు దేని మీద నడుస్తోందో కూడా చూడాలి. అరకు లోయ కాఫీ రైతు జీవితం ఈ సంగతిని బాగా విడమరచి చెబుతుంది.

పుట్టుక

పాత్రికేయుడు చార్లెస్ డో 1884లో అమెరికాలో కట్టిన తొలి షేరు ధరల సగటులో 11 కంపెనీలు ఉండేవి, వాటిలో 9 రైల్వేలే. ఒక రకంగా మొదటి సూచీయే రంగాల సూచీ అన్నమాట. పన్నెండు కంపెనీలతో డో జోన్స్ పారిశ్రామిక సగటు 1896లోనూ, 500 కంపెనీలతో ఎస్ అండ్ పీ 500 సూచీ 1957లోనూ వచ్చాయి. రైల్వేల వైభవం తగ్గాక కూడా విస్తృత సూచీలు నిలిచాయి. వెనకబడిన కంపెనీ బయటికి పోయి, ఎదిగినది లోపలికి రావడమే అందుకు కారణం.

సూచీని ఫండ్‌గా మార్చి సామాన్యుడి చేతికి అందించినవాడు జాన్ బోగుల్. ఆయన స్థాపించిన వాన్‌గార్డ్ సంస్థ 1976 ఆగస్టులో అలాంటి తొలి ఫండ్ తెచ్చింది. 15 కోట్ల డాలర్లు ఆశిస్తే 1.13 కోట్ల డాలర్లే వచ్చాయి. ‘బోగుల్ తెలివితక్కువతనం’ అని అప్పట్లో ఎగతాళి చేశారు. ఆ ఫండే తర్వాత ప్రపంచంలోని అతిపెద్ద ఫండ్లలో ఒకటైంది.

భారతదేశంలో

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ 1986లో 30 కంపెనీలతో సెన్సెక్స్‌ను, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ 1996 ఏప్రిల్‌లో నిఫ్టీ 50ని ప్రారంభించాయి. ఇండెక్స్ ఫండ్లు 1990ల చివర్లో మొదలయ్యాయి. బెంచ్‌మార్క్ మ్యూచువల్ ఫండ్ తెచ్చిన నిఫ్టీ బీస్, షేరులా కొని అమ్ముకోగల తొలి ఇండెక్స్ ఫండ్‌గా 2002 జనవరిలో ఎక్స్ఛేంజీలోకి వచ్చింది. రెండేళ్లకు అదే సంస్థ బ్యాంకు షేర్లకే పరిమితమైన బ్యాంక్ బీస్‌ను తెచ్చింది. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 ఆగస్టు నుంచి కొత్త జమల్లో కొంత భాగాన్ని సూచీ ఆధారిత ఫండ్లలో పెడుతోంది. అంటే తమకు తెలియకుండానే లక్షలాది మంది కార్మికులు విస్తృత సూచీలో మదుపరులయ్యారు.

 

సత్యం ఉదంతం

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి బి. రామలింగరాజు లెక్కల్లో మోసం చేసినట్లు లేఖ రాశారు. ఆ రోజే షేరు దాదాపు 78 శాతం పడిపోయింది, సెన్సెక్స్ సుమారు 7 శాతం తగ్గింది. ముందురోజు సత్యం షేర్లలో లక్ష రూపాయలున్న మనిషికి సాయంత్రానికి 22 వేలు మిగిలాయి. అదే లక్ష సెన్సెక్స్ ఫండ్‌లో ఉన్నవాడికి దాదాపు 93 వేలు ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే సత్యాన్ని సెన్సెక్స్, నిఫ్టీల నుంచి తీసేసి వేరే కంపెనీలను చేర్చారు. ఫండ్ మదుపరి ఏమీ చేయనవసరం లేకపోయింది.

అయితే విస్తృత ఫండ్ కూడా పడుతుంది. 2020 జనవరి నుంచి మార్చి వరకు నిఫ్టీ 50 సుమారు 40 శాతం తగ్గింది. బ్యాంకుల సూచీ మాత్రం దాదాపు సగానికి పడింది.

రంగాల సూచీల ఎగుడుదిగుళ్లు

రంగాల ఫండ్లలోకి జనం సాధారణంగా ఆ రంగం బాగా పెరిగాకే వస్తారు. కోవిడ్ ఏడాది 2020లో ఔషధ కంపెనీల సూచీ 60 శాతం మేర పెరిగింది, నిఫ్టీ 50 పెరిగింది 15 శాతమే. అది చూసి మరుసటి ఏడాది ఔషధాల్లో చేరినవారికి 10 శాతం వచ్చింది. ఆ ఏడాది నిఫ్టీ 24 శాతం ఇచ్చింది. 2022లో ఔషధ సూచీ 11 శాతం తగ్గగా నిఫ్టీ 4 శాతం పెరిగింది. రంగాన్ని సరిగ్గా ఎంచుకున్నా సరిపోదు. ఎప్పుడు చేరాలో, ఎప్పుడు బయటపడాలో కూడా తెలియాలి.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019 జనవరిలో సూచీలకు హద్దులు పెట్టింది. ఫండ్ అనుసరించే షేరు సూచీలో కనీసం 10 కంపెనీలు ఉండాలి. విస్తృత సూచీలో ఏ ఒక్క షేరు వాటా 25 శాతం, రంగాల సూచీలో 35 శాతం మించరాదు. మూడు పెద్ద షేర్ల వాటా కలిపి 65 శాతం దాటకూడదు. ఇంత వాటా మూడింటికే ఉండే వీలుందంటే, ఫండ్ అన్న పేరున్నా అది కొద్ది కంపెనీల మీద పందెమే కావచ్చు.

అరకు కొండల్లో

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పాతకాలపు పోడు చేనులో చోడి, సామ, కంది, వలిసెలు కలిసి పెరిగేవి. వాన తప్పితే ఒకటి పోయినా మరొకటి గింజ ఇచ్చేది. ప్రభుత్వ సంస్థల ప్రోత్సాహంతో గిరిజన కుటుంబాలు తర్వాత కాఫీ వైపు తిరిగాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ పంట కొంటోంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాఫీ ఈ కొండలకు గౌరవాన్నీ, చేతికి నగదునూ తెచ్చింది.

కానీ అరబికా ధర తేలేది న్యూయార్క్ మార్కెట్‌లో. 2001లో పౌండు అర డాలరు కంటే తక్కువకు పోయింది, 2025 ఫిబ్రవరిలో 4 డాలర్లు దాటింది. బ్రెజిల్‌లో మంచు కురిస్తే, కరవొస్తే ఇక్కడి ఇంట్లో లెక్క మారుతుంది. 2025లో కాయ తొలిచే పురుగు అరకు తోటల్లోనూ కనిపించింది. ధరల ఎగుడుదిగుళ్లకు రైతులు తోటలోనే ఒక విరుగుడు పెట్టుకున్నారు. నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. కాఫీ ధర పడిన ఏడాది మిరియాలు కొంత ఆదుకుంటాయి.

ఇలాంటి ఇంట్లో మిగిలిన సొమ్ముకు విస్తృత ఫండే తగినది. సంపాదన అంతా ఒకే పంట మీద ఉన్నప్పుడు, పొదుపు కూడా మరొక ఒంటి రంగం మీద నిలబడకూడదు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగికీ ఇదే వర్తిస్తుంది. జీతం ఐటీ నుంచి, ఇంటి విలువ ఐటీ కారిడార్ వల్ల, పైగా పెట్టుబడి ఐటీ ఫండ్‌లో అయితే, ఆ రంగం కుంటుపడిన ఏడాది మూడూ ఒకేసారి దెబ్బతింటాయి.

ఎంపికలో చూడవలసినవి

వైద్యం, పిల్లల చదువు వంటి అవసరాల సొమ్ము బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉండాలి. కనీసం ఏడెనిమిదేళ్లు తాకనవసరం లేనిదే ఇండెక్స్ ఫండ్‌కు పోవాలి. నెలనెలా కట్టే సిప్ జీతగాళ్లకు కుదురుతుంది. కాఫీ రైతుకు డబ్బు వచ్చేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయ కోసి అమ్మినప్పుడే. అలాంటివారు మొత్తాన్ని కొద్ది కాలపు రుణపత్రాల్లో పెట్టే లిక్విడ్ ఫండ్‌లో ఉంచి, అక్కడి నుంచి నెలకు కొంత చొప్పున ఇండెక్స్ ఫండ్‌కు మళ్లించుకోవచ్చు. ఒకే సూచీని అనుసరించే ఫండ్లలో ఖర్చు తక్కువగా ఉండి, సూచీకి దగ్గరగా నడిచేదాన్ని ఎంచుకోవాలి. 2013 జనవరి నుంచి అందుబాటులో ఉన్న డైరెక్ట్ ప్లాన్లలో ఏజెంటు కమిషన్ ఉండదు.

ప్రత్యేక ఫండ్ కావాలనుకునేవారు దాన్ని మొత్తం పెట్టుబడిలో చిన్న భాగానికి పరిమితం చేసుకోవాలి. అదీ తమ జీవనాధారానికి సంబంధం లేని రంగమై ఉండాలి.