కంచె ఎవరు వేయాలి? అమెరికా వలసలు – మచ్చిక తప్పిన పందులు

వెనుకటి భాగంలో ఐరోపాకూ అమెరికా ఖండాలకూ మధ్య జరిగిన పంటల, వ్యాధుల వినిమయం గురించి చదువుకున్నారు. మొక్కజొన్న, మిరప, బంగాళాదుంప అటునుంచి ఇటు వచ్చాయి. మశూచి ఇటునుంచి అటు వెళ్లింది. అదే ఓడల్లో వెళ్లిన పందిని గురించి చాలా పాఠ్యగ్రంథాలు ఒక వాక్యంతో సరిపెడతాయి. అది న్యాయం కాదు. వలస పాలనలో భూమి ఎలా చేతులు మారిందో తెలుసుకోవాలంటే పందిని వదిలిపెట్టలేం.

ముందుగా ఒక తేడా గమనించండి. మన ప్రాంతంలో వేరుశనగ, మొక్కజొన్న చేలను పాడుచేసే అడవిపంది ఈ నేలకు సహజమైన వన్యమృగం. అమెరికాలో అటువంటి జంతువు లేదు; పెక్కరీ అనే దూరపు బంధువు మాత్రమే ఉంది. ఇప్పుడు అక్కడి అడవుల్లో తిరిగే పందులు మనుషులు తెచ్చి వదిలిన ఊరపందుల సంతానం. అందుకే వాటిని ఇక్కడ ‘మచ్చిక తప్పిన పందులు’ అంటున్నాం.

కొలంబస్ 1493లో రెండవ యాత్రకు బయలుదేరినప్పుడు కానరీ దీవుల్లో ఎనిమిది పందులను ఓడ ఎక్కించుకున్నాడు. హిస్పానియోలా దీవిలో వాటికి శత్రువు లేదు, తిండికి కొదవ లేదు. పంది గర్భకాలం నాలుగు నెలల లోపే. ఒక ఈతకు ఐదారు పిల్లలు సాధారణం. ఆ పిల్లలు ఏడాది తిరగకుండానే ఈనగలవు. లెక్క మీరే వేసి చూడండి. 1539లో హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరంలో దిగినప్పుడు అతని వెంట ఉన్న ఆడపందులు పదమూడు. సైన్యానికి అవి నడిచే ఆహార నిల్వ. మూడేళ్ల తర్వాత అతను మరణించేనాటికి మంద దాదాపు 700కు చేరింది. దారిలో తప్పించుకున్నవి, స్థానికులు పట్టుకున్నవి ఈ లెక్కలో లేవు. ఆ మంద నుంచే స్థానికులకు కొత్త వ్యాధులు అంటి ఉండవచ్చని కొందరు చరిత్రకారులు వాదించారు. దీనిపై ఏకాభిప్రాయం లేదు.

ఆంగ్లేయుల వలసలకు వస్తే కథ మరింత ముఖ్యమవుతుంది. వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వలసదారులు మూడు ఆడపందులతో మొదలుపెడితే పద్దెనిమిది నెలల్లో అరవైకి పైగా పిల్లలయ్యాయని జాన్ స్మిత్ రాశాడు. వాటిని ఉంచిన దీవికి ఇప్పటికీ హాగ్ ఐలాండ్ అనే పేరు. కాపలాకు, మేతకు కూలి మనుషులు దొరకని చోట పందిని అడవిలోకి వదిలేయడం అన్నిటికన్నా చౌక పద్ధతి. చెవికి కోత గుర్తు పెట్టి వదిలేవారు. చలికాలంలో వెతికి పట్టుకునేవారు. దొరకనివి అడవి పాలయ్యేవి.

ఇక్కడే అసలు సమస్య మొదలైంది. స్థానిక అమెరికన్లు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి సాగుచేసేవారు. వారికి పెంపుడు పశువుల మందలు లేవు కనుక చేలకు కంచెలు వేసే అలవాటు లేదు. పంది ముట్టెతో నేలను పెళ్లగిస్తుంది. ఒక్క రాత్రిలో మంద చేలోపడితే సాళ్లు కనిపించవు. కోత తర్వాత గోతుల్లో దాచిన గింజలను కూడా తవ్వి తినేవి. న్యూ ఇంగ్లండ్ తీరంలో ఆటుపోట్ల మధ్య బురదలోని ఆల్చిప్పలు స్థానిక స్త్రీలు ఏరుకునే ఆహారం. పందులు ఆ తావులనూ మరిగాయి. నారగాన్‌సెట్ నాయకుడు మియాంటొనొమి 1642లో ఇతర తెగల వారి ముందు చెప్పిన ఫిర్యాదుల్లో ఈ ఆల్చిప్పల సంగతి కూడా ఉంది.

చట్టం ఎవరి పక్షాన ఉంది? వర్జీనియా 1632లో చేసిన చట్టం ప్రకారం పంట వేసినవాడే కంచె వేసుకోవాలి; వేయకపోతే నష్టం అతనిదే. ఇంగ్లండులోని ఆచారం దాదాపు దీనికి విరుద్ధం. అక్కడ పశువును అదుపులో ఉంచాల్సింది దాని యజమాని. న్యూ ఇంగ్లండ్ కోర్టులు స్థానికులకు కొన్నిసార్లు పరిహారం ఇప్పించిన మాట నిజమే. అయితే ఆ పరిహారం కోసం వారు పరాయి భాషలో, పరాయి కోర్టులో నిలబడాలి. చేలో పడిన పందిని చంపితే మాత్రం అది వెంటనే ఆస్తి నేరమయ్యేది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ‘పంది నష్టం’ అనేది ప్రకృతి వైపరీత్యం కాదని నాకనిపిస్తుంది. 1666లో మేరీలాండ్ శాసనసభ ముందు మాట్టగుండ్ అనే స్థానిక నాయకుడు, మీ పందులూ పశువులూ మమ్మల్ని చోటునుంచి చోటుకు తరుముతున్నాయి, ఇక పారిపోవడానికి తావు లేదు, ఎక్కడ బతకాలో చెప్పండి అన్న అర్థంలో మొరపెట్టుకున్నాడు. సైన్యం రాకముందే పంది వచ్చి చేను ఖాళీ చేయించేది.

దక్షిణ రాష్ట్రాల్లో ఈ విడిచిపెట్టే పద్ధతి అంతర్యుద్ధం తర్వాత కూడా చాలాకాలం సాగింది. భూమిలేని తెల్లవారికీ విముక్తి పొందిన నల్లవారికీ అడవిలో తిరిగే నాలుగు పందులే ఆధారం. కాబట్టి పశువులను కట్టివేయాలనే చట్టాలను వారు వ్యతిరేకించారు. వలస కాలంలో స్థానికులను దెబ్బతీసిన ఆచారమే ఇప్పుడు పేదలకు ఆసరాగా మారడం గమనించదగ్గ విషయం.

1912లో మరో మలుపు. ఉత్తర కరోలినాలోని హూపర్ బాల్డ్ అనే కొండపై ఒక ధనికుడు వేట కోసం ఐరోపా అడవిపందులను తెప్పించాడు. అవి కంచె దాటి మచ్చిక తప్పిన మందలతో కలిశాయి.

నేడు అమెరికాలో ఇటువంటి పందులు సుమారు 60 లక్షలని అంచనా. టెక్సాస్‌లో అందరికన్నా ఎక్కువ. ఏటా వ్యవసాయ నష్టం 250 కోట్ల డాలర్లని ఆ దేశ వ్యవసాయ శాఖ చెబుతుంది. బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధులను అవి పెంపుడు మందలకు, మనుషులకు అంటించగలవు. నేలపై గుడ్లు పెట్టే పక్షులు, తాబేళ్లు వాటి బారిన పడతాయి. టెక్సాస్ 2011లో హెలికాప్టర్ నుంచి కాల్చడానికి డబ్బు చెల్లించిన వేటగాళ్లను కూడా అనుమతించింది. మిస్సోరి మరో దారి పట్టింది. తుపాకి మోతకు మంద చెదిరి కొత్త చోట్లకు పోతుందనీ, వేట సరదా కోసం కొందరు పందులను లారీల్లో తెచ్చి వదులుతున్నారనీ అక్కడి అధికారులు గ్రహించారు. అందువల్ల 2016లో రాష్ట్ర సంరక్షణ శాఖ తన భూముల్లో పందుల వేటనే నిషేధించి, మందను మొత్తంగా బోనులో పట్టే పని మొదలుపెట్టింది.