ఆటకు ఆయుష్షు, హక్కుకు గడువు

1992లో జపాన్‌లో సూపర్ ఫామికామ్ కోసం వెలువడిన ‘ఫైనల్ ఫాంటసీ 5’ అనే రోల్ ప్లేయింగ్ గేమ్‌కు అధికారిక ఇంగ్లిష్ రూపం 1999 వరకూ రాలేదు. అంతకుముందే అభిమానులు దానిని స్వయంగా అనువదించుకుని, ఆ యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్లతో కంప్యూటర్లపై ఆడారు.

ఎమ్యులేటర్ తయారీ నేరమా? 1999లో కనెక్టిక్స్ సంస్థ ప్లేస్టేషన్ ఆటలను మ్యాకింతోష్‌పై నడిపే ఎమ్యులేటర్‌ను అమ్మకానికి పెట్టగా సోనీ దావా వేసింది. 2000లో అమెరికా అప్పీలు న్యాయస్థానం కనెక్టిక్స్ పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది సోనీ ఆ ఎమ్యులేటర్‌నే కొనివేసి, అమ్మకం ఆపివేసింది. న్యాయస్థానంలో దక్కనిది డబ్బుతో దక్కింది.

భారత పార్లమెంటు సైతం 1999 నాటి కాపీరైట్ సవరణలో, ఒక ప్రోగ్రామ్ మరొకదానితో కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారాన్ని రాబట్టుకోవడాన్ని ఉల్లంఘనగా పరిగణించరాదన్నది. అయితే ఈ మినహాయింపు యంత్రాన్ని అనుకరించేవారికే. ఆటను నకలు చేసి పంచేవారికి కాదు. మన చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే. దానిపై హక్కు రచయిత మరణానంతరం 60 ఏళ్లు నిలుస్తుంది. ఆటను నడిపే యంత్రానికీ, ఆటగాడి ప్రగతిని దాచే కార్ట్రిడ్జిలోని బ్యాటరీకీ అంత ఆయుష్షు లేదు. హక్కుల గడువును లెక్కగట్టిన శాసనకర్తలు, అది తీరేదాకా ఆటను ఎవరు కాపాడాలో కూడా చెప్పవలసి ఉంది.