అసెంబ్లీకి ఒక స్టేషన్ ముందు

మెట్రో తలుపులు నాంపల్లిలో తెరుచుకుంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కిన పెద్దాయన రెగ్జిన్ సంచీ చంకలో బిగించుకుని దిగుతారు. రైలు తర్వాతి స్టేషన్ అసెంబ్లీ వైపు కదిలిపోతుంది. నవంబరు నెల, పదిన్నర కావస్తోంది. మనం ఆయన వెంట వెళ్తున్నాం. కుడిపక్కనే నడవండి, ఎడమ చెవి వినపడదు. ఇరవయ్యేళ్లకు పైగా ఆర్టిలరీలో చేసినవాళ్లకు రెండు చెవులూ బాగుండటం అరుదు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో శిక్షణ, 1999లో ద్రాస్‌లో బోఫోర్స్ గన్ దగ్గర డ్యూటీ, హవల్దార్‌గా రిటైర్మెంట్. సొంతూరు నల్లగొండ జిల్లాలో. ఇప్పుడు ఉండేది కొడుకు దగ్గర.

స్టేషన్ రోడ్డు మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. లాడ్జీల బోర్డులు, ఇరానీ హోటల్లో కప్పూసాసర్ల చప్పుడు, రైలు దిగినవాళ్ల పెట్టెల సైజు చూసి రేటు చెప్పే ఆటోవాళ్లు. జగదీష్ మార్కెట్ దగ్గర సెల్‌ఫోన్ కవర్ల బళ్లు ఫుట్‌పాత్ మొత్తం మింగేశాయి, రోడ్డు మీదికి దిగక తప్పదు. నెహ్రూ విగ్రహం ఉన్న ఆబిడ్స్ సర్కిల్ దాటితే జీపీఓ.

“బాంకుల కన్నా ఈడనే నయం. లైనుంటది గాని పనైతది” అంటారాయన.

నవంబరంటే పెన్షనర్లు తాము బతికే ఉన్నామని ఏటా రుజువు చేసుకునే నెల. కౌంటరు వెనకున్న అమ్మాయి ఆధార్ నంబరు కొట్టి వేలిముద్ర మిషన్ ముందుకు తోస్తుంది. ఆయన బొటనవేలు పెడతారు. మిషన్ కింద ఎర్రటి వెలుగు, తర్వాత స్క్రీన్ మీద ఏదో ఇంగ్లీషు వాక్యం.

“పెద్దాయనా, జర గట్టిగ ఒత్తుండ్రి.”

“ఒత్తిన్నమ్మా.”

“రాలే. ఇంకో ఏలు పెట్టుండ్రి.”

చూపుడువేలు. రాలేదు. ఆయన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటారు. దగ్గరగా చూడండి: బొటనవేలి కొసన చర్మం నున్నగా అరిగిపోయింది, మధ్యలో అడ్డంగా పాత గాటు మచ్చ. గన్ తోముడు, గ్రీజు, మంచులో ఇనుము పట్టుకోవడం, ఆ తర్వాత ఊళ్లో పొలం పని. గీతలు ఎక్కడ మిగులుతాయి? చివరికి ఆ అమ్మాయి ఫోను తీసి, “కండ్లు మూసి తెరువుండ్రి” అని ఆయన మొహానికి పడుతుంది. రెండోసారికి ఒప్పుకుంటుంది. డెబ్బై రూపాయల రసీదు. కాసేపటికి ఆయన ఫోనుకి మెసేజి వస్తుంది. ఈ ఏటికి హవల్దార్ గారు సజీవులే. ఆ కబురు ‘స్పర్శ్’ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి, అక్కడి నుంచి ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల లెక్కల కార్యాలయానికి వెళ్తుంది.

ఒక్క మొహానికి ఇంత తతంగం ఎందుకంటే, వెనకున్న మొత్తం అలాంటిది. 2025-26 బడ్జెట్లో రక్షణ శాఖకి 6,81,210 కోట్లు ఇస్తే, అందులో పెన్షన్లకే 1,60,795 కోట్లు. రూపాయిలో దాదాపు 24 పైసలు. తీసుకునేవాళ్లు సుమారు 34 లక్షల మంది. యూనిఫాం వేయని రక్షణ శాఖ ఉద్యోగుల పెన్షన్లు కూడా ఇందులోనే ఉన్నాయి. పత్రికలు ఏటా ఫిబ్రవరిలో దీన్ని ‘పెన్షన్ల భారం’ అని రాస్తాయి. ముప్పై ఐదు, నలభై ఏళ్లకే ఇంటికి పంపేసి, ఇస్తామన్న డబ్బు ఇస్తుంటే అది భారం ఎలా అవుతుందో నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. కొత్త గన్‌కి ఇచ్చేది పెట్టుబడి, గన్ పేల్చినవాడికి ఇచ్చేది భారం!

ఈ పద్దులను ఎవరు అడుగుతారు? ఇప్పుడు ఢిల్లీ వెళ్దాం. పార్లమెంటు అనెక్స్‌లో ఒక గది. కెమెరాలు ఉండవు, విలేకరులను రానివ్వరు. రక్షణ స్థాయీ సంఘం కూర్చుంది: లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. శాఖలవారీ ఈ సంఘాలు 1993లో మొదలయ్యాయి. మంత్రిని పిలిచే ఆనవాయితీ లేదు, ఎదురుగా కూర్చునేది కార్యదర్శి, ఆయన పక్కన సైనికాధికారులు. ముందే పంపిన ప్రశ్నలకు రాతపూర్వక జవాబుల కట్టలు బల్ల మీద ఉన్నాయి. దేశ భద్రతకు హాని అనుకుంటే కాగితం ఇవ్వం అనే హక్కు ప్రభుత్వానికి ఉంది. కానీ పెన్షన్ ఎందుకు ఆగిందో, ఆస్పత్రి బిల్లు ఎందుకు కట్టలేదో చెప్పడానికి ఏ రహస్యం అడ్డొస్తుంది? అందుకే ఈ గదిలో సంక్షేమం మీద ప్రశ్నలకు ఆయుధాల ప్రశ్నలకన్నా సూటిగా జవాబులు రాబట్టవచ్చు.

సూటిగా వచ్చిన సందర్భం ఆయుధాల విషయంలోనూ ఒకటి ఉంది. 2018లో సంఘం అధ్యక్షులు రిటైర్డ్ మేజర్ జనరల్ బి.సి. ఖండూరీ. ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ ఆ సంఘం ముందు, ఆ ఏటి బడ్జెట్ తమ ఆశల మీద నీళ్లు చల్లిందని, సైన్యం చేతిలోని సామగ్రిలో 68 శాతం పాతబడినదేనని చెప్పారు. మార్చిలో ఆ నివేదిక సభ ముందుకు వచ్చింది. అదే వారం, మార్చి 14న, లోక్‌సభ 99 మంత్రిత్వ శాఖలు, విభాగాల పద్దులను అరగంటలో, చర్చ లేకుండా, మూజువాణి ఓటుతో ఆమోదించింది. మిగిలిన పద్దులన్నిటినీ గంపగుత్తగా ఓటుకి పెట్టే ఈ పద్ధతికి గిలెటిన్ అని పేరు.

ఆ అరగంటలో సభలో అరుపులు ఎవరివో గుర్తుందా? ప్రత్యేక హోదా కోసం తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు, రిజర్వేషన్ల కోసం టీఆర్ఎస్ సభ్యులు, పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం మీద కాంగ్రెస్ వాళ్లు. హోదా అడగడం తప్పని నేను అనను. కానీ 68 శాతం సంగతి అడగాల్సిన వారంలో మనవాళ్ల చేతుల్లో ప్లకార్డులు మాత్రమే ఉన్నాయి. ఆ సెప్టెంబరులో ఖండూరీ స్థానంలో కల్‌రాజ్ మిశ్రా అధ్యక్షులయ్యారు.

తెలుగు ఎంపీలు రక్షణ లెక్కల మీద సభనే వదిలేసి వచ్చిన రోజూ ఉంది. పోస్టాఫీసు మెట్లు దిగుతూ ఆ మాట ఎత్తితే హవల్దార్ గారి మొహం వెలుగుతుంది. ఆయన గన్ కథ కదా. 1986 మార్చిలో 410 బోఫోర్స్ ఫిరంగులకు 1,437 కోట్ల ఒప్పందం. 1987 ఏప్రిల్లో స్వీడిష్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది. శంకరానంద్ అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ సంఘం వేస్తే ప్రతిపక్షాలు చాలావరకు దూరంగా ఉన్నాయి. ఆ లోక్‌సభలో ప్రతిపక్షంలో పెద్ద పార్టీ తెలుగుదేశమే, సి. మాధవరెడ్డి వాళ్ల నాయకుడు. 1989 జులైలో కాగ్ నివేదిక ఆ కొనుగోలును తప్పుపట్టాక ప్రతిపక్ష ఎంపీలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు.

“లంచం సంగతి నాకు తెల్వదు సార్. గన్ మాత్రం బంగారం” అంటారాయన.

రెండూ నిజమే కావచ్చు. ఆ గొడవ తర్వాత ఫైలు మీద సంతకం పెట్టడానికే భయపడి, 2017లో అమెరికా నుంచి ఎం777లు వచ్చేదాకా మన సైన్యం ఆ తరహా కొత్త ఫిరంగి ఒక్కటీ బయటి దేశం నుంచి తెచ్చుకోలేదు. తనిఖీకి ఈ వైపు కూడా ఉంది. చెప్పుకోకపోతే అబద్ధమాడినట్టే.

ఆయన ఇంటిదాకా వచ్చిన తనిఖీ వేరు. ‘ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్’కి ఆధారమైన నిర్వచనం 2011 డిసెంబరులో, భగత్ సింగ్ కోషియారీ అధ్యక్షులుగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ నివేదికలో ఉంది. 2015లో మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర బైఠాయించాక, నవంబరు 7న ఉత్తర్వు వచ్చింది, 2014 జులై నుంచి అమలు. కమిటీ మాటలో పెంపు దానంతటదే పాతవాళ్లకూ రావాలి. ఉత్తర్వులో అది ఐదేళ్లకోసారి అయింది. 2022లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. బకాయిలు మాత్రం ఎప్పటికల్లా కట్టాలో మరుసటి ఏడాది గడువులు పెట్టింది. ఆ బకాయితోనే ఈయన ఇంటి మీద రేకులు తీసి స్లాబు వేయించారు.

గన్‌ఫౌండ్రీ వైపు తిరగమంటే ఆయన “ఎందుకు?” అనరు. సందులో మిగిలిన పాత కట్టడం ముందు నిలబడి, గోడ మందం చేత్తో కొలుస్తారు. రెండో నిజాం కాలంలో, 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ కట్టించిన ఫిరంగుల కార్ఖానా. మూడేళ్లకే రేమండ్ పోయారు, ఫ్రెంచి దళాన్ని ఇంగ్లీషువాళ్లు నిరాయుధం చేశారు. ఇక నిజాం రక్షణ బాధ్యత ఈస్టిండియా కంపెనీది, ఖర్చు నిజాంది. ఆ ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు కంపెనీకి పోయి దత్త మండలాలయ్యాయి. పైగా కంటింజెంట్ అని ఇంకో సైన్యం, దాని ఇంగ్లీషు అధికారులకు ఎడాపెడా జీతాలు. పేష్కారు చందూలాల్ ఆ జీతాల కోసం పామర్ కంపెనీ దగ్గర భారీ వడ్డీకి అప్పులు తెచ్చారు. అప్పు తీర్చడానికి ఉత్తర సర్కారుల మీద నిజాంకు ఏటా రావాల్సిన 7 లక్షల పేష్కష్‌ని 1823లో వదులుకోవాల్సి వచ్చింది. అయినా తీరలేదు. 1853లో జీతాల బాకీ కింద బీరార్ పోయింది.

రాయలసీమ, సర్కారుల పేష్కష్, బీరార్. ఒక సైన్యం బిల్లు ఇన్ని సంతకాలతో చెల్లయింది. ఆ బిల్లు సరైనదేనా అని అడిగే సభ హైదరాబాదులో లేదు. 1824లో పామర్ అప్పుల మీద నడిచిన ఉత్తరాలు లండన్‌లో అచ్చయ్యాయి, అక్కడ కంపెనీ వాటాదారులు వాదించుకున్నారు. కడపలో శిస్తు కట్టేవాణ్ని ఎవరూ అడగలేదు.

“ఇప్పుడన్న అడుగుతున్నరా?” అంటారు హవల్దార్ గారు. వెటకారం కాదు, తెలుసుకోవాలనే. సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీస్తారు. భార్య మోకాలి ఆపరేషన్ బిల్లు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం, ఈసీహెచ్ఎస్, కింద జరగాల్సింది. ఆస్పత్రివాళ్లు, పథకం నుంచి పాత బాకీలే రాలేదు, ముందు మీరు కట్టండి అన్నారట. కట్టారు. 2003లో మొదలైన ఈ పథకానికి 2025-26లో 8,317 కోట్లు ఇచ్చారు. పేరుకున్న ఆస్పత్రి బిల్లుల గురించి స్థాయీ సంఘం తన నివేదికల్లో రాస్తూనే ఉంది. ప్రభుత్వం మూడు నెలల్లో జవాబివ్వాలి. జవాబుల్ని సంఘం అంగీకరించినవి, వదిలేసినవి, ఒప్పుకోనివి, ఇంకా రావాల్సినవి అని వేరుచేసి మళ్లీ అచ్చేస్తుంది. కానీ సంఘం సిఫార్సు ప్రభుత్వాన్ని కట్టిపడేయదు. అగ్నిపథ్ నియామకాల పథకం అయితే 2022లో బిల్లుగా కాక కేబినెట్ నిర్ణయంగానే వచ్చింది. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ముగ్గురు పెన్షన్ లేకుండా బయటికి వస్తారు. వాళ్లకు ఈ నవంబరు క్యూ ఉండదు.

“సరే, పిటిషన్ పెడదం. ఆ కోషియారీ కమిటీకి పెట్టినట్టు” అంటారాయన.

నాంపల్లి కోర్టుల దగ్గర టైపు చేసేవాడి ముందు స్టూలు మీద కూర్చున్నాం. కుర్రాడు బిల్లు తిరగేసి చూస్తాడు.

“మీ ఒక్కరి బిల్లు సంగతి రాస్తే తీసుకోరు తాతా. అందరిదీ అన్నట్టు రాయాలె. ఇంకోటి, లోక్‌సభల ఎంపీతోని పెట్టిస్తే ఆయన సంతకం ఉండాలె. మీ ఎంపీ ఎవరు?”

ఆయన ఆలోచిస్తారు. ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది, నల్లగొండ. కొడుకు ఇల్లు మల్కాజిగిరి కిందికొస్తుందా, హైదరాబాద్ కిందికొస్తుందా తెలియదు. కొడుక్కి ఫోన్ చేస్తారు. కొడుక్కీ తెలియదు.

“నల్లగొండ అనే కొట్టు బిడ్డా. సంతకం నేను పోయి పెట్టిచ్చుకొస్త. ఎంతయితది?”

“పేజీకి ముప్పై.”

“రెండు పేజీలు కొట్టు. జాగ సరిపోకుంటే మూడు.”